కాశింబీ అడిగిన గేదె

మా చెల్లెలి మనవరాలు శిరీషకి ఉద్యోగం వచ్చింది. పల్లెటూళ్ళు తిరిగి ఆడవాళ్ళ చేత చిన్న చిన్న వ్యాపారాలు పెట్టించే ఉద్యోగం. ట్రైనింగులో ఇచ్చిన రంగురంగుల పుస్తకాలన్నీ తెచ్చి నా ఒళ్ళో పడేసి, "అమ్మమ్మా, నువ్వూ ఇదే పని చేశావుగా! జనం చేత గోల్స్ ఎలా పెట్టించేదానివి?" అని అడిగింది. అంతే, నాకు నవ్వు మొదలైంది. ఆగదే! మంచినీళ్ళు తాగబోతే పొరబోయింది. పిల్ల మూతి ముడుచుకుని పుస్తకాలు సర్దుకుంది.

దాని అలక తీర్చడానికే ఇది రాస్తున్నాను. దానిలాగా కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు కూడా చదువుకోవచ్చు. నా ప్రమోషన్లూ టీఏ బిల్లులూ ఇందులో ఉండవు. అవి తలుచుకుంటే నాకే నిద్రొస్తుంది. నాకు ఉద్యోగం నేర్పింది ఒక గేదే ఒక కుట్టు మిషనూ, వాటి సంగతే చెబుతాను.

మా ఆఫీసరు గారి బాణాలు

డెబ్బైల్లో నేను తిరువూరులో గ్రామసేవికని. పెళ్ళి కాని పిల్లని. చేతిలో గొడుగు, భుజాన సంచీ, నోట్లో బోలెడు మాటలు. గంపలగూడెం రోడ్డు మీద ఊళ్ళలో మహిళా మండళ్ళు నడపడం నా పని. పొగరాని పొయ్యిలు కట్టించాలి, బాలింతల్ని కనుక్కోవాలి, కుట్లూ అల్లికలూ నేర్పించాలి. బస్సు దిగి మామిడి తోటల మధ్య నడిచి వెళుతుంటే కాపలా వాళ్ళు "అమ్మాయిగారూ, కాయ తినిపోండి" అని పిలిచేవాళ్ళు. జీతం కన్నా కాయలే ఎక్కువ ముట్టాయి నాకు.

మా ఆఫీసరు నరసింహమూర్తి గారు. దేవుడిలాంటి మనిషి, కానీ దేవుడికున్నంత ఓపిక మాత్రం లేదు. ఆయన హైదరాబాదు వెళ్ళి ఏదో ట్రైనింగు అయ్యి వచ్చారు. వచ్చినప్పటినుంచీ నోరు తెరిస్తే లక్ష్యం, మూస్తే కార్యాచరణ ప్రణాళిక. ఆఫీసు గోడలన్నీ చార్టులు. ఒక డబ్బా, దానిలోంచి బాణం, బాణం చివర ఇంకో డబ్బా. ఇంట్లో వాళ్ళావిడకి కూడా ఒక చార్టు గీసిచ్చారట. ఆవిడ దాన్ని ఎండలో పరిచి వడియాలు పెట్టుకుంది.

"అమ్మాయ్, మన జనం ఎందుకు బాగుపడటం లేదో తెలుసా? ఏం కావాలో వాళ్ళకే తెలీదు!" అనేవారు బల్ల గుద్ది. నేనూ తల ఊపేదాన్ని. ఆ వయసులో బల్ల గుద్ది చెప్పినవన్నీ నిజాలే అనిపించేవి నాకు.

అప్పుడే ఒక స్కీము వచ్చింది. మండలిలో కొందరు ఆడవాళ్ళకి గేదె గానీ కుట్టు మిషను గానీ ఇప్పిస్తారు. ఎవరి లక్ష్యం స్పష్టంగా ఉంటే వాళ్ళకే ఇవ్వాలని మా సారు పట్టుబట్టారు. "అందరి ముందూ గట్టిగా చెప్పించు. నలుగురిలో చెప్పిన మాట మీద మనిషి నిలబడతాడు" అన్నారు. పుస్తకంలో అలాగే ఉందట.

శిరీషా, నీ పుస్తకంలో కూడా అదే ఉంది. చూశాను.

బడి అరుగు మీద లక్ష్యాలు

గంపలగూడెం రోడ్డు మీద ఒక ఊళ్ళో, బడి అరుగు మీద మీటింగు. ఊళ్ళో ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేశారు. సారు నల్లబల్ల మీద ఇంత లావు బాణం గీసి, "అమ్మా, మీ జీవిత లక్ష్యం ఏంటి?" అని అడిగారు.

ముందుగా ఒక ముసలావిడ లేచింది. "మా ఆయన చుట్ట మానాలండి."

సారు చాలా సీరియస్‌గా రాసుకున్నారు. "మంచిది. దానికి మొదటి మెట్టు?"

"చుట్టలు నీళ్ళ కుండలో పడేస్తానండి."

"రెండో మెట్టు?"

"ఆయన నన్ను తిడతాడండి."

అరుగంతా గొల్లుమంది. సారు ఆ తిట్టుకి కూడా ఒక డబ్బా గీశారు! ఇంకో కోడలు పిల్ల, "మా అత్త పుట్టింటికి పోవాలండి" అంది. పక్కనే కూర్చున్న అత్త, "నా లక్ష్యమూ అదేనండి, ఇది దాని పుట్టింటికి పోవాల" అంది. నేను పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ నవ్వులు సద్దుమణిగాక అసలైన ఇద్దరి వంతు వచ్చింది.

రత్తమ్మ గారు లేచింది. రైతు కుటుంబం, తోట వైపు చివర ఇల్లు. పుట్టినప్పటినుంచీ పేడా పాలూ తప్ప వేరే లోకం తెలియని మనిషి. పక్కన తోడికోడలు చెవులు రిక్కించుకుని కూర్చుంది. రత్తమ్మ గారు దానివైపు ఓరగా చూసి, "నాకు కుట్టు మిషను కావాలండి. కుట్టుపని అంటే నాకు ప్రాణం" అంది.

తర్వాత కాశింబీ. రోడ్డు వైపు చివర ఇల్లు. మొగుడు మస్తాన్‌కి జట్కా ఉంది. సన్నగా, రివటలా ఉండేది, మాట కూడా అంతే సన్నం. నేల చూపులు చూస్తూ, "నాకు గేదె కావాలండి" అంది.

"ఎందుకమ్మా గేదె?" అన్నారు సారు.

"గేదెలంటే... ఇష్టమండి" అంది. గొంతు వణికింది. సిగ్గు కాబోలు అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి!

అందరిదీ అయ్యాక రత్తమ్మ గారు నా మీద పడింది. "మమ్మల్ని అడిగారు సరే, మరి నీదేంటి అమ్మాయ్?" సారు కూడా చాక్‌పీసు పట్టుకుని నావైపు తిరిగారు. నా నోట్లోంచి ఏ ఆలోచనా లేకుండా వచ్చేసింది. "బెజవాడ ట్రాన్స్‌ఫరండి!"

సారు దానికీ ఒక బాణం గీసేశారు.

గేదె వచ్చింది

పంచిపెట్టిన రోజు పెళ్ళి సందడి. గేదెకి కొమ్ములకి రంగు, మెడలో బంతిపూల దండ. పలుపు కాశింబీ చేతిలో పెడుతుంటే చప్పట్లు. గేదె ఒకసారి తలెగరేసింది. కాశింబీ పలుపు వదిలేసి నా వెనక్కి వచ్చి దాక్కుంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రత్తమ్మ గారు మిషనుకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. సారు కళ్ళల్లో నీళ్ళు.

కొన్నాళ్ళకి ఎలా ఉన్నారో చూద్దామని వెళ్ళాను. ముందు కాశింబీ ఇల్లు. వాకిట్లో గేదె. కాశింబీ గుమ్మం లోపల నిలబడి, కిటికీలోంచి గడ్డి పరకలు ఒక్కొక్కటే దాని మీదికి విసురుతోంది. అవతల పాకలో జట్కా గుర్రం గేదెని చూసినప్పుడల్లా సకిలించి కాళ్ళు నేలకేసి కొడుతోంది. మస్తాన్ మధ్యలో చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

"పాలు ఇస్తోందా?" అన్నాను.

"చేపట్లేదండి. దగ్గరికెళితే తంతది. ఈయనకైతే గుర్రం సంగతి తెలుసు గానీ గేదె సంగతి తెలీదు" అంది మొగుణ్ణి చూపించి.

"మరి గేదె కావాలని నువ్వే కదా అడిగావు!"

కాశింబీ నావైపు వింతగా చూసింది. "అంతమందిలో అడిగితే ఏం చెప్తారండి? అనుకున్నది నలుగురిలో అంటే అయ్యిద్దా? దిష్టి తగలదూ? అందుకని నాకు అస్సలు అక్కర్లేంది ఏందా అని ఆలోచించి గేదె అన్నానండి. మీరు నిజంగా తోలుకొస్తారని నాకేం తెలుసు!"

చూరు కింద కూలబడ్డాను.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. బస్సులూ రిక్షాలూ వచ్చాక జట్కా ఎక్కేవాళ్ళు లేరు. బెజవాడలో మస్తాన్ అన్నకి టీ హోటలుంది. "వానలు పడేలోగా మీకు అక్కడ ఏ దారీ దొరక్కపోతే గుర్రాన్ని అమ్మేసి వచ్చెయ్యండి. మస్తాన్ గ్లాసులు కడుగుతాడు, కాశింబీ మా ఇంట్లో వంట చేస్తది" అని కబురు పెట్టాడు. వానలు పడితే వచ్చి తీసుకుపోతాడు. "మా బావగారు చెడ్డోడు కాదండి. కానీ ఒకసారి ఆ వంటింట్లోకి పోతే ఇంక బయటికి రాను" అంది. కళ్ళనిండా నీళ్ళు.

వాళ్ళ నాన్న టైలరు. చిన్నప్పటినుంచీ ఆయన పక్కన కూర్చుని కాజాలు కుట్టి, కత్తిరింపు నేర్చుకుంది. దాని మనసులో ఉన్నది ఒక మిషను. ఊళ్ళో ఆడవాళ్ళంతా మగ టైలరుకి ఆది జాకెట్టు పంపించి కుట్టించుకునేవాళ్ళు. ఆ ఆది ఎప్పటిదో! మనిషి ఒళ్ళు చేసినా జాకెట్టు చెయ్యదు. పెళ్ళికూతుళ్ళు పీటల మీద ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆడమనిషి అయితే టేపు పెట్టి కొలుస్తుంది, కుదిరేదాకా సరిచేస్తుంది. ఇంత చక్కటి వ్యాపారం ఆలోచన మా ఆఫీసు చార్టుల్లో ఒక్కదాన్లో కూడా లేదు.

నాకు ఒకటే అనుమానం వచ్చింది. గబగబా ఊరి రెండో చివరకి నడిచాను. రత్తమ్మ గారింట్లో కుట్టు మిషను మూలన ఉంది. దానిమీద తువ్వాలు, తువ్వాలు మీద ఆవకాయ జాడీ.

"రత్తమ్మ గారూ, మీకు నిజంగా కావలసింది ఏంటి?"

ఆవిడ వీధి తలుపు వేసొచ్చి, గుసగుసగా, "గేదె" అంది. "మా తోడికోడలు పక్కనే కూర్చుంటే గేదె అంటానా? దాని కళ్ళు పడ్డాయంటే పొదుగు ఎండిపోద్ది!"

ఓరి దేవుడా! నేను ఆ మంచం మీద పడి నవ్వాను. ఆవిడ ముందు కోప్పడింది, తర్వాత సంగతి తెలిసి ఆవిడా నవ్వింది. నవ్వుతూనే నాకు చురుక్కుమంది. బెజవాడ ట్రాన్స్‌ఫరు కావాలన్నాను కదా? నాకు బెజవాడ ఎందుకు? విస్సన్నపేట హైస్కూల్లో ఒక సైన్సు మాస్టారు ఉన్నారు. ప్రతి శనివారం ఏదో వంక పెట్టి తిరువూరు బస్టాండులో కనిపించేవారు. నేను తిరువూరు వదలకూడదనే రోజూ దేవుడికి మొక్కుకునేదాన్ని. అది నలుగురిలో చెబుతానా? నేనే చెప్పనిదాన్ని, వాళ్ళని బడి అరుగు మీద నిలబెట్టి అడిగాను.

మార్పిడి

స్కీములో ఇచ్చిన వస్తువు చేతులు మారకూడదు. మారితే వెనక్కి తీసేసుకుంటారు. ఆ రూలు నాకు తెలుసు. సారుకి చెబితే మళ్ళీ చార్టు, మళ్ళీ మీటింగు, ఈలోగా వానలు. అందుకని నేను వాళ్ళిద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి, నాకు కడుపునొప్పిగా ఉందని చెప్పి బస్సెక్కి వచ్చేశాను. మర్నాటికల్లా గేదె తోట వైపూ మిషను రోడ్డు వైపూ చేరాయి. నేను మార్చమన్లేదు. మార్చొద్దనీ అన్లేదు.

రత్తమ్మ గారు పొదుగు మీద చెయ్యి వేసిందో లేదో గేదె చేపేసిందట. ఇక కాశింబీ! ఆ మిషను ముందు కూర్చున్న కాశింబీని చూడాలి మీరు. సన్నటి గొంతు కాస్తా ఖంగుమంది. "చెయ్యెత్తు వదినా, అట్టా బిగబట్టకు, ఊపిరి వొదులు" అని మోతుబరి ఇళ్ళ ఆడవాళ్ళని కూడా గదమాయించేది. వైశాఖమాసం పెళ్ళిళ్ళు వచ్చాయి. రత్తమ్మ గారి తోడికోడలి కూతురి పెళ్ళి జాకెట్లు కూడా కాశింబీకే వచ్చాయి.

అంతా బాగుందనుకుంటుంటే సారు ఎగురుకుంటూ వచ్చారు. "అమ్మాయ్, జిల్లా నుంచి పెద్దాఫీసరు వస్తున్నారు! ఇంటింటికీ వెళ్ళి చూస్తారట. కాశింబీ గేదె, రత్తమ్మ మిషను!"



దారిలో

పొద్దున్నే పరిగెత్తుకెళ్ళి చెప్పాను. ఆ ఒక్క పూటకీ దేని చోటికి అది చేరాలి. పెద్దాఫీసరు తిరువూరు వైపు నుంచి వస్తారు కాబట్టి ముందు ఎదురయ్యేది కాశింబీ ఇల్లు, అక్కడ ఆయన గేదెని చూసేలోగా రత్తమ్మ గారింట్లో మిషను సర్దేయొచ్చు. ఇదీ నా కార్యాచరణ ప్రణాళిక. సారు చూసుంటే మెచ్చుకునేవారు.

ఆయన గంపలగూడెం వైపు నుంచి వచ్చారు. అదీ ముందుగా.

ఊరి మధ్య వీధి సన్నం. ఇటునుంచి జట్కా వస్తోంది, దానిమీద మిషను, సూది కింద సగం కుట్టిన పెళ్ళి జాకెట్టు, పక్కన కాశింబీ. అటునుంచి రత్తమ్మ గారు గేదెని తోలుకొస్తోంది. సరిగ్గా మధ్యలో జీపు. గుర్రం గేదెని చూసింది. పాత పగ! ముందు కాళ్ళెత్తింది. గేదె అడ్డం తిరిగి జీపు ముందు భీష్మించుకుని నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు, గేదె పేడ వేసింది. ఊరంతా బయటికొచ్చింది. నేను గొడుగు విప్పి దాని వెనక మొహం దాచుకున్నాను. ఎండ లేదు, వాన లేదు.

పెద్దాఫీసరు దిగారు. తెల్లటి బట్టలు, బంగారు కళ్ళజోడు. మా సారు ఆయన వెనకే. ఇటు మిషనునీ అటు గేదెనీ చూసి ఆయన గట్టిగా అడిగారు. "ఎక్కడికమ్మా, ఇవన్నీ ఎక్కడికి?"

అయిపోయింది! బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగొచ్చా? వీధి వీధంతా "అయ్యయ్యో" అంది. రత్తమ్మ గారు గేదె మెడ మీద చెయ్యేసి, "ఎంత పని చేశావు బాబూ! మంచి పని మీద పోతుంటే ఎక్కడికని అడుగుతారా ఎవరన్నా? మీ అమ్మ చెప్పలేదా?" అంది, ఆఫీసరని కూడా చూడకుండా.

ఆయన నాలిక్కరుచుకున్నారు. నిజంగా! చిన్నపిల్లాడిలాగా. "తప్పయిందమ్మా. నోరు జారాను. వెనక్కెళ్ళి కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరండి" అన్నారు.

అదే కదా పద్ధతి. గేదె వెనక్కి తిరిగింది, జట్కా వెనక్కి తిరిగింది. ఆయనా తప్పు చేసినట్టు రత్తమ్మ గారి వెంట నడిచి, వాళ్ళ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు. పాకలో గేదె తన చోటికి తానే వెళ్ళి నిలబడి నెమరు వేసుకుంటోంది. ఆయన దానివైపు చూశారు, గ్లాసువైపు చూశారు. రెండో గ్లాసు అడిగారు.

అక్కణ్ణించి కాశింబీ ఇంటికి. అది అప్పటికే మిషను దించి కూర్చుంది. పెళ్ళికూతురి తల్లి నెత్తిన నిలబడి తొందర పెడుతుంటే ఆగుతుందా? టకటకమని చప్పుడు. వాకిట్లో ఇంకో ఇద్దరు కొలతలకి. గేదె వాసన కూడా లేదు.

పెద్దాఫీసరు నా వైపు తిరిగారు. "ఏమ్మాయ్..."

వీళ్ళ చేతుల్లోంచి ఈ మిషను పోతే అది నేను తెచ్చిన చేటే. "సార్, అసలు ఏమైందంటే..."

ఆయన చెయ్యెత్తి ఆపారు. "నేనేం అడగలేదు. నువ్వేం చెప్పలేదు. ఇవాళ ఒకసారి అడిగి చెంపలేసుకున్నాను, చాలు."

రిపోర్టు మీద ఆయన రాసింది ఇంతే: 'గేదె పాలిస్తోంది. మిషను కుడుతోంది. స్వయంగా చూశాను.' అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మా సారు దానికి పటం కట్టిద్దామన్నారు.

జీపెక్కుతూ ఆయన, "బెజవాడ ట్రాన్స్‌ఫరు అడిగావట కదా. చేయించమంటావా?" అన్నారు.

"వద్దండీ!" అని అరిచాను. బహుశా విస్సన్నపేట దాకా వినిపించి ఉంటుంది. మొత్తానికి ఆ సంవత్సరమే మాస్టారు మా నాన్నగారి దగ్గరికి వచ్చారు. నా పెళ్ళి జాకెట్టు ఎవరు కుట్టారో చెప్పాలా?

వానలు

తొలకరి పడిన రోజు నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. మస్తాన్ అన్న బస్సు దిగి తడుస్తూ వచ్చాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. వాకిట్లో ఆడవాళ్ళ చెప్పులు చూసి, తప్పు ఇంటికి వచ్చానేమో అని వెనక్కి తగ్గాడు. మస్తాన్ గుడ్డలు ఇస్త్రీ చేస్తున్నాడు. అన్నని చూసి, లోపలికి కళ్ళతో చూపించి, "ఆమెనడుగు" అన్నాడు.

"సర్దుకున్నారా అమ్మా? సాయంత్రం బస్సుకి పోదాం" అన్నాడు ఆయన.

మిషను చప్పుడు ఆగింది. అప్పటిదాకా కాశింబీ తన మనసులో మాట నలుగురిలో ఎన్నడూ అనలేదు. లేచి తల మీద కొంగు సర్దుకుంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళందరికీ వినపడేట్టు, "కూర్చోండి బావగారూ, టీ తాగండి. నేను ఎక్కడికీ రావట్లేదు" అంది.

ఆయన కాసేపు దాన్నీ, గుట్టగా పడున్న గుడ్డల్నీ చూశాడు. తర్వాత కూర్చున్నాడు. టీ తాగి, "మా ఆవిడకి కూడా రెండు జాకెట్లు కుట్టు" అని ఒక్కడే బస్సెక్కాడు. నేను వానలో గొడుగు మూసుకుని నడిచాను ఆ రోజు. ఒళ్ళంతా తడిసి ముద్దయినా నవ్వుతూనే ఉన్నాను.

కాబట్టి శిరీషా, మా సారు అన్నది తప్పు. ఏం కావాలో జనానికి బాగా తెలుసు. నీకు చెప్పాలా వద్దా అన్నదే వాళ్ళ ఆలోచన. మైకు పెట్టి అడగకు. నువ్వూ వాళ్ళతో పాటు చింతపండు పిక్క తీస్తూ, పసిపిల్లని ఆడిస్తూ కూర్చో. వాళ్ళ చేతులు దేని దగ్గర తిన్నగా పనిచేస్తున్నాయో చూడు. ప్రణాళిక వేసుకో, తప్పకుండా వేసుకో. కానీ పెన్సిలుతో వేసుకో, గంపలగూడెం వైపు నుంచి కూడా జీపు రావచ్చని గుర్తుపెట్టుకో.

ఇదంతా చదివి పిల్ల అలక మానింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "సరే అమ్మమ్మా, ఇంతకీ రాయడం అయిపోయిందిగా, ఇప్పుడు నీ ప్లానేంటి?" అని అడిగింది. ఇంట్లో అందరూ ఉన్నారు. అందరూ నావైపే చూస్తున్నారు.

"ఏముందే," అన్నాను, "ఒక గేదెని కొనుక్కుందామనుకుంటున్నా."